ఎండ తగిలినా, పొయ్యి సెగ తగిలినా కాళ్లు భగ్గుమంటున్నాయి.. గోళీలూ పడట్లేదు!

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. 12 ఏళ్లుగా షుగర్‌ ఉంది. రెండేళ్ల నుంచి అరికాళ్లలో మంటలు, సూదులతో పొడిచినట్టు నొప్పి. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. ఎండలోకి వెళ్లినా, పొయ్యి దగ్గర నిలబడ్డా మంట ఇంకా ఎక్కువవుతోంది. నరాల నొప్పికి ప్రెగాబాలిన్‌ 75 ఎంజీ గోళీ వాడితే కళ్లు తిరిగి బాత్రూంలో పడ్డాను. అది మాన్పించి అమిట్రిప్టిలిన్‌ ఇచ్చారు. ఇప్పుడు నోరు ఎండిపోతోంది, వేడి అసలే తట్టుకోలేకపోతున్నా. నరాల పరీక్ష నార్మల్‌ వచ్చింది. ఇంట్లోవాళ్లేమో ‘అదంతా నీ మనసులోనే’ అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ నొప్పి నిజమే. ఈ జవాబు ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. మీకు చేసిన నరాల పరీక్షలో లావు నరాల పనితీరే తెలుస్తుంది. మంటను, వేడిని మోసుకెళ్లేవి వెంట్రుక కన్నా సన్నని నరాలు. షుగర్‌లో చాలామందికి ముందు దెబ్బతినేవి ఇవే. వీటి సంగతి ఆ పరీక్షకు అందదు.

మిర్చి ఏరిన రోజు రాత్రి చేతులు ఎలా మండుతాయో మీ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. చూస్తే కాలిన గాయం ఉండదు. వేడిని పసిగట్టడానికి నరాల చివర ఒక చిన్న తలుపు లాంటిది ఉంటుంది. మామూలుగా అది 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. మిర్చి ఘాటు కూడా అదే తలుపు తీస్తుంది. నరం దెబ్బతిన్నప్పుడు ఆ తలుపు కొద్దిపాటి వెచ్చదనానికే తెరుచుకుంటుంది. పొయ్యి సెగకు మీ కాళ్లు భగ్గుమనడం అందుకే. చెమట పట్టించేవి కూడా సన్న నరాలే కాబట్టి కాళ్లకు చెమట తగ్గి, ఒంట్లో వేడి బయటికి పోదు. దానికి తోడు అమిట్రిప్టిలిన్‌ కూడా చెమటను తగ్గిస్తుంది, నోరు ఎండబెడుతుంది. ఎండాకాలంలో మీకు ఈ మందు ఇబ్బందే. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. రాసిన డాక్టర్‌కు ఈ మాటే చెప్పి, మెల్లగా తగ్గించి మార్చమనండి.

ప్రెగాబాలిన్‌ మీకు అసలే పడదని ఇప్పుడే తేల్చేయొద్దు. కొందరికి 75 మొదలుపెట్టడానికే ఎక్కువ. రాత్రిపూట 25తో మొదలుపెట్టి, వారం పది రోజులు చూసి పెంచితే తట్టుకునేవాళ్లు చాలామంది. ఈ మందు కిడ్నీల ద్వారా బయటికి పోతుంది కాబట్టి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ రక్తపరీక్ష చూడాలి. పడిపోయిన రోజు షుగర్‌ తగ్గిందా, లేవగానే బీపీ పడిపోయిందా అన్నదీ తెలియాలి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్‌ అనే షుగర్‌ గోళీ వాడుతుంటే రక్తంలో విటమిన్‌ బి12 కూడా చూపించుకోండి. అది తగ్గినా ఇవే తిమ్మిర్లు, మంటలు వస్తాయి. డులాక్సెటిన్‌ అనే మరో మందు ఉంది. మొదట్లో కాస్త వికారం పెడుతుంది, తిన్నాక వేసుకోవాలి. ఏదైనా ఒక్కసారికి ఒక్క మందే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పడలేదో ఎవరికీ అంతుపట్టదు. మిర్చి సారంతో చేసే క్రీములు మొదటి రోజుల్లో మంటను పెంచుతాయి, మీకు ఇప్పుడు వద్దు.

మంట తట్టుకోలేక కాళ్లు ఐసు నీళ్లలో పెట్టేవాళ్లను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. స్పర్శ తగ్గిన కాలికి చర్మం దెబ్బతిన్నా తెలియదు. కుండ నీళ్లలో తడిపి పిండిన పలచటి నూలు బట్టను పది నిమిషాలు కప్పుకొంటే చాలు. వంట పొద్దున్నే ముగించండి. మే నెలలో వాకిట్లో బండల మీద వట్టి కాళ్లతో అడుగు పెట్టొద్దు. పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చిన్న బొబ్బ కనిపించినా అదే రోజు చూపించండి. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకుండా మిమ్మల్ని నీడకు చేర్చి, ఒళ్లంతా తడుపుతూ 108కు ఫోన్‌ చేయాలి.

దగ్గర్లోని న్యూరాలజిస్టును ఒకసారి కలవండి. వెళ్లేటప్పుడు ఇప్పుడు వాడుతున్న గోళీలతో పాటు పడక మానేసిన వాటి స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.