రేకులు దించేశాం, ఎలాగూ పడగొట్టే ఇల్లే. శుభ్రం ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: పాత ఇంటి ఆస్బెస్టాస్ రేకులు దింపించేశారు, వారంలో జేసీబీ వస్తుంది. కూలిపోయే ఇంటిని శుభ్రం చేయించడం డబ్బు దండగ కాదా అని.

కాదండి. రేకులు దించితే సగం పనే అయినట్టు. మిగతా సగం గోడల తలల మీద, దూలాల మీద, నేల మీద బూడిద రంగులో పడి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి జేసీబీ పెడితే ఆ దుమ్ము వీధి మొత్తం పీల్చాలి. మిగిలింది శిథిలాల్లో కలిసి ట్రాక్టరెక్కి ఏదో పల్లం పూడ్చడానికి పోతుంది. రేపు దాని మీద ఇంకొకరు ఇల్లు కట్టుకుంటారు.

2019లో విశాఖపట్నం మల్కాపురంలో మా అత్తగారి ఇల్లు పడగొట్టించాం. హుద్‌హుద్ తుఫానుకి ఆ ఇంటి రేకులు సగం పగిలాయి. అప్పట్లో ఎవరికీ తెలియక ముక్కల్ని పెరట్లోనే పాతేశారు. మిగిలిన రేకుల్ని తడిపి, ఒక్కొక్కటీ చేత్తో అందుకుంటూ జాగ్రత్తగానే దింపించాం. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి ఒక కూలీ ఆమె చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, లోపలి గదిలో కొబ్బరి చీపురుతో పరపరా ఊడ్చేస్తోంది. గది గదంతా తెల్లటి పొగలా ఉంది. ఆ పొగలోనే గుమ్మం దగ్గర ఆమె నాలుగేళ్ల కూతురు కూర్చుని రేకు ముక్కతో నేల మీద గీతలు గీస్తోంది.

నాకు కాళ్లు వణికాయి. ముందు పిల్లని ఎత్తుకుని బయటికి తెచ్చాను, తర్వాత ఆమెని పిలిచాను. "తడిపితే బురదైపోద్దమ్మా, ఊడవడం అవదు" అంది. మేస్త్రీ అయితే "ఏటి మేడం, రేపు జేసీబీ వత్తాది, అంతా దుమ్మే గదా. మా నాన్న యాభై ఏళ్లు ఈ రేకుల కిందే పడుకున్నాడు" అన్నాడు. అందరూ ఇదే మాట అంటారు. రేకు ముక్కలవకుండా ఉంటే వేరు, పగిలి పొడయ్యాక వేరు. ఆ పొడిలోని ఆస్బెస్టాస్ పోగులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకి. అప్పుడు ఏ ఇంట్లో ఊడ్చిన దుమ్మో ఎవరు చెప్తారు?

ఆ రోజు పని ఆపేశాం. ముందు కరెంటు తీయించాం. పొలంలో మందు కొట్టే పంపు కొత్తది కొని, కాస్త సబ్బు కలిపిన నీళ్లు మంచులా చల్లించాం. ధార కొట్టకూడదు, దుమ్ము ఎగురుతుంది. కాలవలోకి కడిగేయడమూ కూడదు. బాగా నానాక పారతో మెల్లగా ఎత్తాం. పైనుంచి కిందికి తడిగుడ్డతో తుడుస్తూ, తుడిచిన గుడ్డని లోపలికి మడిచి సంచిలో పడేశాం. మళ్లీ బకెట్లో ముంచలేదు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకండి, వెనక నుంచి అదే దుమ్ము చిమ్ముతుంది. అతి సన్నటి దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న ఇండస్ట్రియల్‌ది దొరికితేనే వాడండి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పనికిరావు. సన్నటి పోగుల్ని కూడా ఆపే పీ100 ఫిల్టర్ బిగించే రబ్బరు మాస్కు, ఒళ్లంతా కప్పే, వాడి పారేసే కవరాల్ సూటు కావాలి. ఆ బట్టలతో ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. మాకు పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి తెల్లారి ఆరింటికే మొదలుపెట్టేవాళ్లం.

రెండో రోజు సాయంత్రం అంతా అయిపోయిందనుకున్నాక మా ఆయన టార్చి గోడకి ఆనించి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకున్నారు. మామూలుగా కనపడనివన్నీ అప్పుడు కనపడ్డాయి. దూలానికి మిగిలిపోయిన, రేకుని బిగించే జే బోల్టు వాషర్ కింద బూడిద రంగు నూగు, స్విచ్‌బోర్డు పెట్టె వెనక గుప్పెడు పొడి. మళ్లీ తుడిచాం. పెరట్లో పాతేసిన ముక్కల్ని తడిపి చేత్తోనే ఏరించాం. వాటిని జేసీబీ కింద నలగనివ్వకూడదు.

మాది సిమెంటు రేకు కాబట్టి ఇలా చేయగలిగాం. మీ దగ్గర పాత బాయిలర్ పైపులకి వేడి పోకుండా చుట్టిన, ముట్టుకుంటే పొడిగా రాలే ఆస్బెస్టాస్ పొర (లాగింగ్) లాంటిది ఉంటే సొంతంగా ముట్టుకోవద్దు. ఈ పని తెలిసిన ఏజెన్సీని పిలవండి, గాలిలో పోగులు మిగిలాయేమో చూసే పరీక్ష అయ్యాకే జేసీబీని రానివ్వండి. సంచులు మందపాటి ప్లాస్టిక్‌వి, ఒకదానిలో ఒకటి పెట్టి మూతి మెలితిప్పి టేపు వేయాలి. పైన ఆస్బెస్టాస్ అని రాయాలి. శిథిలాల బండిలో కలపకండి. ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రం మనకి పరవాడలోనే ఉంది, ముందు వాళ్లతో మాట్లాడుకోండి.

నా బాధ అసలు ఇంకోటి. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు ఉంచాలంది. మంచిదే. కానీ రోజుకూలికి వచ్చి మన ఇల్లు ఊడ్చే మనిషికి రికార్డెక్కడిది? మాస్కు కొనిమ్మంటే "వాళ్లకి అలవాటే మేడం" అంటారు. ఈ దుమ్ముకి ఎవరి ఊపిరితిత్తులూ అలవాటు పడవు. రేకులు దింపించే ఖర్చు లెక్కేసేటప్పుడే నాలుగు మంచి మాస్కులు, రెండు రోజుల అదనపు కూలీ కూడా లెక్కలో రాసుకోండి.

ఆ కొబ్బరి చీపురు కూడా సంచిలో వేసి కట్టేశాం. ఆమెకి కొత్తది కొనిచ్చాను.