కోల్మార్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఆ పిల్లల బొమ్మలు ఎవరివి?

ఫ్రాన్స్‌లో, అల్సాస్ ప్రాంతంలో ఉన్న కోల్మార్ ఊరి కొట్లలో కప్పుల మీదా తువ్వాళ్ల మీదా ఉండే పిల్లల బొమ్మలు ఎవరు వేశారు, ఇంటికి కొనుక్కెళ్లొచ్చా అని అడిగారు. శుభ్రంగా కొనుక్కోండి. కాకపోతే బొమ్మని ఒకసారి దగ్గరగా చూసి కొనండి. నేను చూడకుండా కొని తెల్లమొహం వేశాను.

దగ్గర్లోనే ఉన్న జర్మనీ ఊరు ఫ్రైబుర్గ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఓ శనివారం కోల్మార్ వెళ్లి, ముద్దుగా ఉందని ఒక పోస్ట్‌కార్డు తెచ్చి ఆఫీసులో పక్క సీటు జర్మన్ ఆయనకిచ్చాను. ఎర్ర పావడాలు, తల మీద పెద్ద నల్ల రిబ్బన్లతో ఆడపిల్లలు, ఇంటి కప్పు మీద కొంగ గూడు. ఓ మూలన ఆకుపచ్చ కోటు, ఈక గుచ్చిన టోపీతో లావుపాటి టూరిస్టు. నేను ఆయన్ని గమనించనేలేదు. మా వాడు మాత్రం ముందు ఆయన్నే చూసి, "ఇది మేమేనోయ్" అని నవ్వాడు. నాకు చెమటలు పట్టాయి.

ఆ బొమ్మలు హాన్సీ అనే చిత్రకారుడివి. అసలు పేరు జాఁ-జాక్ వాల్ట్జ్. 1873లో కోల్మార్‌లోనే పుట్టాడు. అప్పటికి రెండేళ్ల క్రితమే అల్సాస్‌ని జర్మనీ కలిపేసుకుంది. ఈయనకి ఫ్రాన్స్ అంటే ప్రాణం. తమాషా ఏమిటంటే జర్మన్లను ఏడిపించడానికి పెట్టుకున్న కలం పేరులో ఉన్నది జర్మన్లు మామూలుగా పెట్టుకునే 'హాన్స్' అన్న పేరే! 1912లో పిల్లల కోసం అల్సాస్ చరిత్ర రాసి బొమ్మలేశాడు. పేరుకే పిల్లల పుస్తకం, పేజీ పేజీకీ జర్మన్ల మీద చురకలే. ఇలాంటి పుస్తకాలకే 1914 జులైలో జర్మనీలోని లైప్‌జిగ్ కోర్టు ఏడాది జైలు వేసింది. జైలుకెళ్లకుండా ఫ్రాన్స్‌కి పారిపోయాడు. కొద్ది వారాలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైతే ఫ్రెంచి సైన్యంలో చేరాడు.

జర్మన్లు ఆ కోపం మరిచిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, ఫ్రాన్స్‌లోని ఆజాఁ ఊళ్లో గెస్టపో (నాజీల రహస్య పోలీసు) మనుషులు ఆయన్ని చావగొట్టారు. ఎలాగో బతికి స్విట్జర్లాండ్ చేరాడు. యుద్ధం అయ్యాక సొంతూరికొచ్చి 1951లో అక్కడే పోయాడు.

నాకైతే ఆయన జర్మన్లు కొంచెం విసుగు. అందరూ ఒకే అచ్చు. ఊళ్లూ పిల్లలూ వేసినప్పుడే చెయ్యి తిరిగినవాడని తెలుస్తుంది.

రూ దే తేత్ వీధిలో ఆయన మ్యూజియం ఉంది, వెళ్లండి. పాత వీధుల్లో మాత్రం తల పైకెత్తి నడవండి. కొట్ల ముందు వేలాడే రంగుల ఇనుప బోర్డుల్లో కొన్ని ఆయన గీసిచ్చినవే. వాటికి టికెట్ లేదు.