మందు లేకుండా పీరియడ్స్ నొప్పి తగ్గించే మెషీన్లు నిజంగా పనిచేస్తాయా? ఎవరైనా వాడారా?

వాడాను, పదకొండు నెలలైంది. సగం నొప్పి పోతుంది, సగం ఉంటుంది. నాకైతే ఆ సగం పోవడమే ఎక్కువ. మొదటి రోజు తొడల దాకా గుంజుతుంది, వాంతులు, చెమటలు, ఇంటర్ నుంచి ఇదే కథ. "పెళ్లయితే తక్కువైతది బిడ్డా" అన్నారు, పెళ్లయింది. "ఒక కాన్పయితే పోతది" అన్నారు, బాబుకి ఏడేళ్లొచ్చాయి. ఇప్పుడు మెనోపాజ్ దాకా ఆగమంటున్నారు.

ఇదేం కొత్త వస్తువు కాదు. మా అమ్మ మోకాళ్లకి హన్మకొండలో ఫిజియోథెరపీ దగ్గర పెట్టే టెన్స్ మెషీనే, చిన్న డబ్బా చేసి గులాబీ రంగేసి అమ్ముతున్నారు. ఆ రంగుకే వెయ్యి రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారని నా అనుమానం. రెండు జిగురు ప్యాడ్లు పొత్తికడుపు మీద అంటించుకుని, డబ్బాని నడుముకి తగిలించుకోవాలి. సన్నటి కరెంటు, చీమలు పాకినట్టు ఉంటుంది. దెబ్బ తగిలిన చోట గబగబా రుద్దుకుంటే నొప్పి తగ్గినట్టుంటుంది కదా, అలాంటిదే. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 'గేట్' సిద్ధాంతం చెప్పారు: ఈ జివ్వుమనే కబురు వెన్నుపాము దగ్గరికి చేరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందట. గర్భసంచి మెలిపెట్టడం మాత్రం ఆగదు. ఆ మెలికలు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలని తగ్గించేది నొప్పి గోలీనే, అందుకే గోలీ పూర్తిగా మానేశానని అబద్ధం చెప్పను. రెండు రోజుల్లో ఐదారు మింగేదాన్ని, ఇప్పుడు ఒకటితో సరిపెడుతున్నాను. 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ అనే ప్రభుత్వ మందుల సంస్థ మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి గోలీ మీద హెచ్చరిక ఇచ్చింది, డ్రెస్ అనే తీవ్రమైన అలర్జీ రియాక్షన్ రావొచ్చని. అది అరుదేనట, కానీ మెడికల్ షాపులో చీటీ అడక్కుండా నా చేతిలో పెట్టే గోలీ అదే. మెషీన్ గురించి వెతకడం మొదలుపెట్టింది ఆ వార్త చదివాకే.

అసలు టెస్టింగ్ జరిగింది మాత్రం టెన్త్ పరీక్ష హాల్లో. నేను టీచర్‌ని. మార్చిలో ఇన్విజిలేషన్ డ్యూటీ పరకాల వైపు పడింది, లెక్కల పరీక్ష రోజే నాకు డేట్ వచ్చింది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కాళ్ల మీదే ఉండాలి. కూర్చుంటే నిద్రపోతామనో ఏమో, ఇన్విజిలేటర్‌కి కుర్చీ వేయరు. పిల్లలు కాపీ కొట్టడానికీ నా మోకాళ్లకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ సెంటర్లో టీచర్ల బాత్రూమ్‌కి గొళ్లెం కూడా లేదు, ఒక మేడమ్ బయట కాపలా ఉంటే ఇంకో మేడమ్ లోపలికి. సరే.

పొద్దున్నే ఇంట్లోనే ప్యాడ్లు అంటించుకుని, డబ్బాని లంగా బొందుకి తగిలించి, పైన కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లాను. నొప్పి ముదిరాక పెడితే నాకు అంతగా పనిచేయదు, అందుకే డేట్ వచ్చిన మొదటి గంటలోనే పెట్టేస్తాను. పది దాకా బాగానే ఉంది. ఇంతలో 'టీఁక్' అని శబ్దం. అర్ధగంటకోసారి అదే ఆఫ్ అవుతుందని తెలుసు, ఆఫ్ అయ్యేటప్పుడు కూస్తుందని ఫ్యాను చప్పుడున్న మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. హాల్లో ఇరవై నాలుగు తలలు ఒకేసారి లేచాయి. నేను కూడా కిటికీ వైపు చూశాను, ఎవరిదబ్బా అన్నట్టు! తర్వాత మూలకి పోయి చీర మీద నుంచే తడిమి బటన్ నొక్కాను. ఒకటి బదులు మూడు సార్లు నొక్కానేమో, పొట్ట కండరం టపటపా ఎగరడం మొదలుపెట్టింది.

పదకొండింటికి స్క్వాడ్ వచ్చింది. 2023లో కమలాపూర్‌లో హిందీ పేపర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగిన దగ్గర్నించి మా జిల్లాలో ఫోన్ అంటేనే భయం, మా ఫోన్లన్నీ ఆఫీసు గదిలో పెట్టించుకుంటారు. అప్పటికి చెమటకి ఒక ప్యాడ్ ఊడి, వైరు చీర అంచు కింద బెత్తెడు వేలాడుతోంది. నేను చూసుకోలేదు. స్క్వాడ్ సార్ చూశాడు.

"ఆ వైరేంది మేడమ్?"

నడుము నొప్పి అందామనుకున్నాను, నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఎలక్ట్రానిక్ వస్తువు, సస్పెన్షన్, పేపర్లో ఫోటో, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "పీరియడ్స్ నొప్పి సార్, దానికి పెట్టుకున్న మెషీన్" అన్నాను, కొంచెం గట్టిగానే. ముందు బెంచీ అమ్మాయి తలెత్తి నన్ను చూసి, తల వంచి రాసుకుంది. సార్ సీలింగు వైపు చూస్తూ "సరే సరే" అని పక్క గదికి పోయాడు. ఆయన వెంట వచ్చిన మేడమ్ మాత్రం నన్ను వరండాలోకి పిలిచి, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి "ఎంతకొచ్చింది, మా బిడ్డకు మస్తు నొస్తది" అంది. చీఫ్ సూపరింటెండెంట్‌కి ముందే చెప్పి పెట్టుకోవాల్సిందని చిన్న క్లాసు కూడా పీకిందనుకోండి.

ఆమెకి చెప్పిందే మీకూ చెప్తున్నా. కడుపుతో ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ ఉన్నా డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోవద్దు. నెలనెలా నొప్పి పెరుగుతుంటే మెషీన్ కొనడం కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా చెల్లెకి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) అని తేలేసరికి ఆరేళ్లు పట్టింది, అన్నాళ్లూ ఇంట్లో వాము నీళ్లే తాగించాం.

మే, జూన్‌లో మాత్రం నాకిది దండగ, చెమటకి జిగురు నిలవదు. ఎండాకాలం దాటాక మా లెక్కల మేడమ్ ఒక్క రోజుకని అడిగి తీసుకుంది. డబ్బా ఇవ్వొచ్చు, ప్యాడ్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలని చెప్పడం మర్చిపోయాను. వారానికి తిరిగొచ్చింది, ప్యాడ్ల నిండా ఆమె నీలం కాటన్ చీర పోగులు. కొత్తవి నిన్ననే ఆర్డర్ పెట్టాను.