బుజ్జికి, మన్ను రంగుల సంగతి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ బొమ్మల ఫొటోలు చూశాను. మందార రసంతో వేసిన చీర అంచు బూడిద రంగుకు తిరిగిందని, పసుపుతో వేసిన బంతిపూలు కిటికీ పక్కన పెట్టేసరికి వెలిసిపోయాయని తెగ బాధపడ్డావు. అది నీ చేతిలో లోపం కాదమ్మా. పూల రంగు ఎండకు ఆగదు, పసుపు మరీను. బట్టకైతే కరక్కాయ, పటిక పట్టించి చిరువేరు అనే మొక్క వేళ్ళ ఎరుపులాంటివి నిలబెడతారు. కాగితం మీద పచ్చి రసం పూస్తే ఎవరు పూసినా ఇంతే. అందుకని పూలు పక్కన పెట్టి మన్నుతో మొదలుపెట్టు.

మీ అపార్ట్‌మెంట్ పక్కన సెల్లారు తవ్వుతున్నారన్నావు కదా. పైకి పోసిన కుప్పలో చూడు, ఎర్రమట్టి, పసుపు చారల మొరం రెండూ ఉండొచ్చు. వాచ్‌మన్‌ని అడిగి రెండు గుప్పిళ్ళు తెచ్చుకో, గోతిలోకి మాత్రం దిగకు. మెకానిక్ షెడ్డు ముందు మట్టి ఎంత ఎర్రగా ఉన్నా వద్దు, దాన్నిండా ఆయిలే. కాస్త తడిపి అరచేతికి రాసి, ఆరాక దులిపేయి. చేతి గీతల్లో రంగు మిగిలితే పనికొచ్చే మన్ను. మొత్తం రాలిపోతే అది ఇసుక.

ఇక కడగడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. మన్ను ఎండబెట్టి, దంచి, బకెట్లో వేసి నిండా నీళ్ళు పోసి బాగా కలుపు. పది లెక్కపెట్టు. ఆ పది అంకెల్లో ఇసుక అడుక్కు చేరుతుంది. పైన ఉన్న రంగునీళ్ళు నెమ్మదిగా ఇంకో గిన్నెలోకి వంచి, అడుగున మిగిలింది పారెయ్. ఇలా మూడుసార్లు. ఆఖరి గిన్నెను రాత్రంతా కదపకు. పొద్దున్నే చూస్తే పైన తేట నీళ్ళు, అడుగున వెన్నలాంటి బురద. తేట వంచేసి పళ్ళెంలో ఆరబెడితే పెచ్చులుగా లేస్తుంది. అదీ రంగంటే. బకెట్టు మన్నుకు గుప్పెడు వస్తే సంతోషించు.

పసుపు మన్ను దొరికితే సగం దాచి, సగం పాత ఇనప మూకుడులో వేసి పెద్ద మంట మీద వేయించు. కిటికీలు తెరిచి ఉంచు. కాసేపటికి పసుపు కాస్తా నారింజ, ఆపైన ఇటుక రంగు అవుతుంది. మన్నులోని ఇనుముకు పట్టుకున్న నీరు వేడికి వదిలిపోవడమే కారణం. మా బేతంచెర్ల వైపు పసుపు మన్ను గనులే ఉన్నాయి కాబట్టి నాకిది చిన్నప్పటి ఆట. ఇప్పటికీ ఆ రంగు మారుతుంటే పొయ్యి దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు.

జిగురుకు నల్లతుమ్మ బంక. ఒక వంతు బంకకు రెండు వంతుల గోరువెచ్చని నీళ్ళు పోసి రాత్రి నానబెట్టి, పాత పంచె గుడ్డలో వడగట్టు. రంగు ఆరాక పగలకుండా కొంచెం తేనె, బూజు పట్టకుండా రెండు చుక్కలు లవంగ నూనె. తేనె దగ్గర చెయ్యి జారనివ్వకు. నేనోసారి ధారాళంగా పోసి బొమ్మ వేశాను, తెల్లారేసరికి దాని మీద చీమల బారు.

నూరడానికి గ్రానైట్ ముక్క, చిన్న పొత్రం చాలు. వంటకు వాడేవి తీసుకోకు, మీ అమ్మ నన్నంటుంది. రంగుపొడి మీద జిగురునీళ్ళు చుక్క చుక్కగా పోస్తూ నూరు. మొదట కరకరమంటుంది. ఆ చప్పుడు పోయి పొత్రం జారుతున్నట్టు అనిపించేదాకా ఆపకు, అరగంట పట్టినా సరే. కాగితం మీద ఒక గీత గీసి ఆరనివ్వు. వేలికి అంటితే జిగురు చాలలేదు, పెటపెట పగిలితే ఎక్కువైంది.

నలుపుకు ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టు, మీ నాయనమ్మ కాటుక పట్టినట్టే. మసి నీళ్ళ మీద తేలుతుంది, కలవదు. ఒక చుక్క సర్జికల్ స్పిరిట్ వేస్తే దారికొస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు వేరు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కరక్కాయ పట్టించిన బట్టను తాకగానే నల్లబడుతుంది. ఇంట్లో ఆ వాసన నువ్వు భరించలేవు, ఇప్పుడే వద్దు.

నీలం గురించి అడిగావు. మన మట్టిలో అది దొరకదు. శంఖుపూల రసం ముచ్చటగానే ఉంటుంది కానీ నిమ్మచుక్క పడితే ఊదా అయిపోతుంది, ఎండకూ ఆగదు. నీలిమందు కొనుక్కో, అందులో నామోషీ ఏం లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పాతకాలం వాళ్ళు వాడారు కదా అని పసుపుకు హరిదళం, ఎరుపుకు ఇంగిలీకం జోలికి పోకు. మొదటిదాంట్లో ఆర్సెనిక్, రెండోదాంట్లో పాదరసం ఉంటాయి. మామూలు మన్నైనా పొడిగా దంచేటప్పుడు మాస్క్ పెట్టుకో.

కాంక్రీటు పోసేలోపు వెళ్ళి మన్ను తెచ్చుకో. తుమ్మ బంక ఊళ్ళో కొట్టించి కొరియర్‌లో పంపిస్తాను. పసుపు చార దొరికితే నాకూ ఒక పొట్లం కట్టి ఉంచు, సంక్రాంతికి వచ్చినప్పుడు తెద్దువుగాని.

మీ పెదనాన్న