మినిమైజ్ చేసిన విండోల సంగతి

చి. సౌమ్యకు,

బాబాయ్ ఆశీస్సులు. టాస్క్‌బార్ నిండిపోతోందనీ, మినిమైజ్ చేసిన విండోలు వేళకి దొరకట్లేదనీ, ఏదైనా టూల్ చెప్పమనీ రాశావు. చెప్తాను. ముందు మాత్రం నువ్వు దించి పెట్టినవాటిని ఒక్కొక్కటే చూడు. కాసేపట్లో మళ్లీ తెరిచేదైతే అది టాస్క్‌బార్‌లోనే ఉండాలి. రోజంతా నడవాలి గానీ నువ్వు చూడక్కర్లేదంటే, టూల్ దానికే. ఎప్పుడో చూద్దాంలే అనిపించేదాన్ని మూసెయ్. చాలామంది మూయడానికి మనసొప్పక అటకెక్కిస్తారు. మినిమైజ్ చేసినంత మాత్రాన ప్రోగ్రామ్ ఆగిపోదు, దాని మెమరీ అది వాడుకుంటూనే ఉంటుంది.

నీ బాధలో సగం ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒకే ఐకన్ కింద ముడుచుకోవడం వల్లే అనుకుంటున్నాను. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు వాటిని విడివిడిగా, పేర్లతో చూపించే సదుపాయం తీసేశారు. జనం గోల పెట్టాక 2023లో మళ్లీ ఇచ్చారు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, దాని కింద టాస్క్‌బార్ బిహేవియర్స్ తెరిచి, కంబైన్ అన్నచోట ‘నెవర్’ పెట్టు. ఏ ఫైలు ఎక్కడుందో పేరు చూసి పట్టుకోవచ్చు.

తర్వాత అంకెలు అలవాటు చేసుకో. విండోస్ కీ పట్టుకుని 3 నొక్కితే టాస్క్‌బార్‌లో పిన్ చేసిన, తెరిచిన ఐకన్లలో మూడోది పైకి వస్తుంది. దానికి ఒకే విండో ఉంటే, మళ్లీ నొక్కగానే కిందికి పోతుంది. మెయిల్‌ని మొదట్లో పిన్ చేసుకుంటే వెతుకులాటే ఉండదు. విండోస్ కీతో హోమ్ నొక్కితే నువ్వు పని చేస్తున్నది తప్ప మిగతావన్నీ దిగిపోతాయి. విండోస్ కీతో ఎమ్ నొక్కితే అన్నీ దిగుతాయి, షిఫ్ట్ కలిపి ఎమ్ నొక్కితే తిరిగొస్తాయి.

ఇక టూల్స్. ఆర్‌బీట్రే చిన్నది, ఉచితం. అది నడుస్తుండగా మినిమైజ్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే విండో టాస్క్‌బార్ వదిలి గడియారం పక్కన చిన్న ఐకన్‌గా కూర్చుంటుంది. ట్రేమాండ్ కూడా అలాంటిదే, కాకపోతే దానికి విండోస్, షిఫ్ట్, జెడ్ మూడూ కలిపి నొక్కాలి. బ్రౌజర్ల లాగా టైటిల్ బార్‌ని, అంటే విండో పైన పేరూ బటన్లూ ఉండే పట్టీని, సొంతంగా గీసుకునే ప్రోగ్రాముల దగ్గర రైట్ క్లిక్ పద్ధతి మొరాయిస్తుంది, అందుకే నా ఓటు కీబోర్డుకే. అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో నడిచే విండోలు మామూలుగా తెరిచిన టూల్ మాట వినవు. అది టూల్ తప్పు కాదు, విండోస్ పెట్టిన కాపలా.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి టూల్‌ని టాస్క్ మేనేజర్‌లో బలవంతంగా ఆపకు. అది దాచిన విండో కనిపించకుండానే నడుస్తూ ఉండిపోవచ్చు. సేవ్ చెయ్యని ఫైలుంటే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. టూల్ సొంత మెనూలోంచే ఎగ్జిట్ అవ్వు.

రెండో మానిటర్ తీసేశాక విండో పైకి రావట్లేదన్నావు చూడు, అది పోలేదు, లేని తెర మీద తెరుచుకుంటోంది. ఆల్ట్, ట్యాబ్‌తో దాన్ని ఎంచుకో. ఆల్ట్ పట్టుకుని స్పేస్ బార్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కు. ఏదో ఒక బాణం కీ ఒక్కసారి తట్టి మౌస్ కదుపు. విండో మౌస్‌ని అంటుకుని తెర మీదికి వస్తుంది. అప్పుడు క్లిక్ చెయ్.

తమ్ముడి మ్యాక్ సంగతి వేరు. కమాండ్, ఎమ్‌తో దించిన విండో కమాండ్, ట్యాబ్ నొక్కితే పైకి రాదు. ఐకన్ ఎంచుకున్నాక, కమాండ్ వదిలే ముందు ఆప్షన్ కీ పట్టుకోవాలి. అంత అవస్థ ఎందుకు, కమాండ్, హెచ్‌తో దాచుకోమను, మామూలుగానే తిరిగొస్తుంది.

అన్నట్టు, నీది ఆఫీసు మెషీన్ కదా. ఐటీ వాళ్లని అడక్కుండా ఏ టూలూ వెయ్యకు. ‘నెవర్’ పెట్టుకోవడానికైతే ఎవర్నీ అడగక్కర్లేదు, ఈ రోజే చేసి చూడు.

ఇట్లు,
బాబాయ్