స్వెట్టర్ వదులైతే: తప్పు కొలతలో కాదు, చేతి బిగువులో

చికాగో చలికి మీవారి కోసం అల్లిన స్వెట్టర్ గోనెసంచిలా వచ్చిందని, ఛాతీ కొలత మాత్రం సరిగ్గానే తీశానని రాశారు. కొలత తప్పు కాదండీ, మీ చేతి అల్లిక కాస్త వదులు. నమూనాలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు ఉంటే, మీరు పెట్టిన ఫోటోలో లెక్కపెడితే 18 వచ్చాయి. రెండే కదా అనిపిస్తుంది. కానీ చుట్టూ 200 కుట్లు వేసినప్పుడు 100 సెంటీమీటర్లు రావాల్సింది 111 దాటిపోతుంది!

విప్పేయడమే దారి. విప్పిన ఊలును చుట్టలుగా కట్టి, తడిపి ఆరేస్తే వంకరలు పోతాయి. ఈసారి అల్లిక బిగువుగా రావడానికి 4.5 బదులు కాస్త సన్నని 4 మిల్లీమీటర్ల సూదులతో జానెడు ముక్క అల్లి చూడండి. దాన్ని ఉతికి, పరిచి ఆరబెట్టాకే కొలవండి. నేనోసారి ఉతక్కుండా కొలిచి, మా అబ్బాయి స్వెట్టర్‌ని చివరికి మా ఆయనకి ఇవ్వాల్సి వచ్చింది. ఇంకో మాట, మీవారికి బాగా నప్పే పాత స్వెట్టర్‌ని నేలమీద పరిచి కొలుచుకోండి. ఒంటికన్నా ఎంత వదులుండాలో అదే చెబుతుంది.

క్రిస్మస్ సెలవులకి అందదని టెన్షన్ వద్దు. అప్పటికి ఒక టోపీ అల్లివ్వండి, రెండు మూడు సాయంత్రాల పని. స్వెట్టర్ సంక్రాంతికి ఇద్దురుగాని, మీ ఊళ్లో చలి అప్పటికీ ఎక్కడికీ పోదు.