ఆటల ఉత్తరాలు: సెటిఫ్ జట్టు, రెండు క్యాలెండర్లు

ప్రశ్న: 1988లో ఆఫ్రికా ఫుట్‌బాల్ క్లబ్బుల కప్పు గెలిచిన అల్జీరియా జట్టు, కప్పు ఎత్తేనాటికి సొంత దేశంలో రెండో డివిజన్‌లో ఉందట. మా గ్రౌండ్‌లో ఎవరూ నమ్మడం లేదు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: నిజమే. ఆ జట్టు ఎంటెంట్ స్పోర్టివ్ దె సెటిఫ్, పొట్టిగా ఈఎస్ఎస్. సెటిఫ్ రాజధాని కాదు, రేవు పట్టణమూ కాదు. అల్జీర్స్‌కి తూర్పున దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, గోధుమ పండే ఎత్తైన మైదానంలో, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉన్న ఊరు.

నమ్మకం కుదరకపోవడానికి కారణం రెండు క్యాలెండర్లు. అల్జీరియా లీగ్ ఒక ఏడాది మొదలై మరుసటి ఏడాది ముగుస్తుంది. ఆఫ్రికా కప్పు మాత్రం అప్పట్లో ఒకే క్యాలెండర్ ఏడాదిలో పూర్తయ్యేది. సెటిఫ్ 1986-87లో లీగ్ గెలిచింది. ఆ గెలుపుతో దక్కింది 1988 ఆఫ్రికా కప్పులో చోటు. ఈ రెండింటి నడుమ 1987-88 సీజన్ ఉంది కదా, అందులో ఛాంపియన్లే చతికిలబడి కింది డివిజన్‌కి జారిపోయారు. కప్పులో చోటు అంతకుముందు సీజన్‌ది కాబట్టి అది పోలేదు. అలా ఏడాది చివర్లో ఒకవైపు రెండో డివిజన్ మ్యాచ్‌లు, మరోవైపు ఆఫ్రికా సెమీఫైనల్ ఆడాల్సి వచ్చింది.

ఆ సెమీఫైనల్ కైరో దిగ్గజం అల్ అహ్లీతో. ఎవరి గడ్డ మీద వాళ్లు 2-0తో గెలిచారు, పెనాల్టీల్లో సెటిఫ్ గట్టెక్కింది. ఫైనల్ నైజీరియా జట్టు ఇవువాన్యాన్వు నేషనల్‌తో. నవంబరులో ఇబాదాన్‌లో 0-1తో ఓడి, డిసెంబరు 9న కాన్‌స్టాంటీన్‌లో 4-0తో గెలిచారు. మొత్తం 4-1. దీన్ని గాలివాటం గెలుపు అనేవాళ్లతో మేం ఒప్పుకోం. మరుసటి ఏడాది ఖతర్ జట్టు అల్ సద్‌ని ఓడించి ఆఫ్రో-ఆసియా కప్పు కూడా తెచ్చుకున్న జట్టు ఇది.

మీ గ్రౌండ్‌లో మళ్లీ వాదన వస్తే ‘1988 సీజన్’ అనకండి. 1987-88 లీగ్ వేరు, 1988 కప్పు వేరు. రెండూ కలిపేస్తేనే చిక్కంతా.

ప్రశ్న: పాత జాబితాల్లో ‘ఈపీ సెటిఫ్’ అని కనిపిస్తోంది. అది వేరే క్లబ్బా? మన సిటీ పోలీస్ జట్టులాగా ఏదైనా సంస్థ జట్టా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: వేరే క్లబ్బు కాదు. 1977లో అల్జీరియా ప్రభుత్వం క్రీడల వ్యవస్థను తిరగరాసి, పెద్ద క్లబ్బులను ప్రభుత్వ కంపెనీలకు అప్పగించింది. ఖర్చులు కంపెనీ చూసుకుంటుంది, పేరులో ఆ కంపెనీ పని చేరుతుంది. తీజీ ఊజూ జట్టు జేఎస్ కబీలీ అలాగే ‘జేఈ తీజీ ఊజూ’ అయింది. 1981 ఆఫ్రికా కప్పు విజేతగా జాబితాల్లో ఉన్నది ఆ పేరే. తర్వాత క్లబ్బులు పాత పేర్లకు మళ్లాయి. టైటిళ్లు లెక్కపెట్టేటప్పుడు ఊరి పేరు చూసి కలపండి, ముందున్న అక్షరాలు చూసి విడదీయకండి. విడదీస్తే సెటిఫ్ లీగ్ టైటిళ్లలో 1987 ఎగిరిపోతుంది. మొత్తం ఎనిమిది: 1968, 1987, 2007, 2009, 2012, 2013, 2015, 2017.

సిటీ పోలీస్‌తో పోలిక సగమే కుదురుతుంది. రహీం సాబ్ తీర్చిదిద్దిన, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన మన జట్టు పోలీసు శాఖలో పుట్టింది. సెటిఫ్ క్లబ్బు ఊళ్లో పుట్టి, కొన్నేళ్లు కంపెనీ నీడన ఉండి, మళ్లీ ఊరిదైంది.

పేరు మీద ఇంకో మాట. ‘ఎంటెంట్’కి అరబ్బీలో ‘విఫాక్’ అంటారు, ఒప్పందం, ఐకమత్యం అని. మన ఉర్దూ ‘ఇత్తెఫాక్’ది కూడా అదే ధాతువు.

ప్రశ్న: 2014 ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో సెటిఫ్ రెండు మ్యాచ్‌లూ డ్రా చేసుకుంది. మరి కప్పు ఎలా ఇచ్చారు?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: బయటి గోల్స్ నియమంతో. ముందు రెండు మ్యాచ్‌ల గోల్స్ కూడాలి. తేడా ఉంటే అక్కడితో సరి. సమమైతేనే ఎవరు ఎదుటివాళ్ల ఊళ్లో ఎక్కువ గోల్స్ కొట్టారో చూడాలి. కిన్షాసాలో అక్కడి జట్టు ఏఎస్ వీటాతో 2-2, నవంబరు 1న అల్జీరియాలోని బ్లీదాలో 1-1. మొత్తం 3-3. బయట సెటిఫ్‌వి 2, వీటావి 1. కప్పు సెటిఫ్‌ది. సెమీఫైనల్లోనూ ఇదే జరిగింది: టీపీ మజెంబేపై సొంత గడ్డ మీద 2-1 గెలుపు, లుబుంబాషీలో 2-3 ఓటమి, మొత్తం 4-4. బయట మళ్లీ 2కి 1.

చాలామంది పొరపడేది ‘బయటి గోల్ రెండు గోల్స్‌తో సమానం’ అనుకోవడంలో. అలా మొదటే రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. 2-2 తర్వాత సెటిఫ్‌కి ఇంట్లో 0-0 అయినా చాలు, 1-1 అయినా చాలు. రెండో మ్యాచ్ కూడా 2-2 అయ్యుంటే మాత్రం అంతా మళ్లీ సమమయ్యేది.

ప్రశ్న: సెటిఫ్ స్టేడియం పేరు ‘8 మే 1945’ అని ఎందుకు? తేదీని పేరుగా పెడతారా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఆ రోజు ఐరోపాలో యుద్ధం ముగిసింది. సెటిఫ్‌లో ఊరేగింపుకి వచ్చిన జనం అల్జీరియా జెండా ఎత్తారు. పోలీసులు కాల్చారు, జెండా పట్టుకున్న యువకుడు బూజిద్ సాల్ చనిపోయాడు. తర్వాత కొన్ని వారాలపాటు సెటిఫ్, గెల్మా, ఖెర్రాటా ప్రాంతాల్లో ఫ్రెంచి సైన్యం, సాయుధులైన వలసవాసులు వేలమందిని చంపారు. ఆ ఊరివాళ్లకు అది మరిచిపోయే తేదీ కాదు.

క్లబ్బు పుట్టింది కూడా స్వాతంత్ర్య యుద్ధం నడుమ, 1958లో. సెటిఫ్‌లో పుట్టిన రషీద్ మఖ్లూఫీ ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో సెయింట్ ఎతియెన్ క్లబ్బునీ, ఫ్రాన్స్ తరఫున ప్రపంచ కప్పు ఆడే అవకాశాన్నీ వదిలి, స్వాతంత్ర్యం కోసం పోరాడే ఎఫ్ఎల్ఎన్ జట్టులో చేరాడు. అదే జట్టులో ఆడిన ముఖ్తార్ అరీబీ 1988 ఆఫ్రికా కప్పు నాటి సెటిఫ్ కోచ్. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన తొలి అల్జీరియా కప్పు, 1963లో, సెటిఫ్‌దే. ముస్తగానెం జట్టుతో ఫైనల్ 1-1 అయితే మళ్లీ ఆడి 2-1తో గెలిచారు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వాళ్ల మ్యాచ్ చూడాలంటే టైం ఎలా లెక్కేయాలి?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: అక్కడి టైముకి నాలుగున్నర గంటలు కలపండి. అల్జీరియాలో వేసవికి గడియారం మార్చరు కాబట్టి ఏడాదంతా ఇదే లెక్క. అక్కడ సాయంత్రం 5 అయితే మనకు రాత్రి 9:30. అక్కడ రాత్రి 8 అయితే మనకు 12:30, అంటే తేదీ మారిపోతుంది. శుక్రవారం మ్యాచ్ అని చూసి శుక్రవారం తెల్లవారుజామున అలారం పెట్టుకునేవాళ్లున్నారు. పెట్టాల్సింది ఆ రాత్రికి.